అద్దం పెట్టని ఇల్లు

పొద్దున్నే ఏడు కొట్టేసరికి జివోయిన్ ముఖమైనా కడుక్కోకుండా మేడమీది చిన్నగదిలోకి పోయి కంప్యూటర్ మీట నొక్కేవాడు. అది ముసలాయన గొంతు సవరించుకున్నట్టు కాసేపు గురగురలాడితే గానీ లేచేది కాదు. అది లేచేలోపల భార్య పౌంక కింద వంటింట్లో కాఫీ కాచి, రెండు కప్పులు పళ్లెంలో పెట్టుకుని మెట్లెక్కేది. ఆయనకి చక్కెర లేకుండా, తనకి రెండు చెంచాలు. పదిహేనేళ్లు ఇదే వరస.

ఇప్పుడు మీట నొక్కేది పౌంకే. కాఫీ పైకి వెళ్లదు. వంటింట్లో నిలబడే రెండు గుక్కల్లో తాగేసి, నల్లచొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని పైకి పోతుంది. ఆమె మెట్ల దగ్గరికి వచ్చేసరికి అత్తగారు పెర్సిద తూర్పుగోడ దేవుడి పటం ముందు సన్నటి కొవ్వొత్తి వెలిగిస్తూ ఉంటుంది. వెనక్కి తిరక్కుండానే రోజూ ఒకటే మాట అంటుంది.

"పోవే పో. వాణ్ణి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టు."

ముసలామె అలా అనడానికి కారణం లేకపోలేదు. జివోయిన్ పోయి పదకొండు నెలలైంది. ఆ సంగతి కూచెవో ఊరంతటికీ తెలుసు. కరెంటు స్తంభాలకీ రొట్టెలకొట్టు తలుపుకీ నల్ల అంచు కాగితం మీద ఆయన ఫొటో అంటించారు, అది వానలకి నాని చిరిగిపోయింది కూడా. వియన్నాలో ఉన్నవాళ్లకి మాత్రం తెలీదు. వాళ్ల లెక్కలో జివోయిన్ త్రాయిలోవిచ్ ఇంకా ఆ మేడమీద కూర్చుని వాళ్ల ఇళ్లకి బొమ్మలు చేస్తూనే ఉన్నాడు.

ఆయన పని అదే. కట్టని ఇంటిని కట్టినట్టు చూపించడం. ఒకప్పుడు కుర్చీలూ బల్లలూ చేసే ఫ్యాక్టరీలో నక్షాలు గీసేవాడు. అది మూతపడ్డాక ఎవరూ నేర్పకుండానే ఈ విద్య పట్టుకున్నాడు. ఈ కొండల్లో ఏ ఊరు తీసుకున్నా సగంమంది వియన్నాలో పాచిపనో తాపీపనో చేసుకుంటారు, ఆగస్టులో వస్తారు, పక్కవాడికంటే ఒక అంతస్తు ఎత్తుగా ఇల్లు కట్టించి తాళం వేసి వెళ్లిపోతారు. కట్టేముందు బొమ్మ కావాలి. ఎండ ఎటునుంచి పడుతుంది, గేటుమీది రాతి సింహాలు ఎటు చూస్తాయి, మెట్ల పాలరాయి తడిస్తే ఎలా మెరుస్తుంది, అన్నీ ఫొటో తీసినట్టు కనబడాలి.

మొదట్లో పౌంక పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని స్వెట్టర్లు అల్లుకునేది. ఒకరోజు తెరమీద వంటిల్లు చూసి, ఇంత పెద్ద వంటింట్లో తడిగుడ్డ ఎక్కడ ఆరేస్తారయ్యా అని అడిగింది. ఆయన పడీపడీ నవ్వి, మౌసు ఆమె చేతికిచ్చి నువ్వే ఆరెయ్యి అన్నాడు. ఆ రోజునుంచి గోడలు ఆయనవి, గోడల మధ్యనున్నది ఆమెది. కుర్చీని బల్లకిందికి పూర్తిగా తొయ్యకుండా ఎవరో ఇప్పుడే లేచినట్టు కాస్త పక్కకి లాగి వదిలేది. సోఫామీది దిండుకి మధ్యలో ఒక నొక్కు పెట్టేది. చెప్పుల జతలో ఒకటి కొంచెం వంకరగా ఉంచేది. ఆమె ఎనిమిదో తరగతితో ఆగిన మనిషి. తెరమీది పరాయి మాటలు చదవడం రాదు. అల్లికలో కుట్టు గుర్తుపెట్టుకున్నట్టే, ఏ మూల ఏ గుర్తు నొక్కితే ఏమవుతుందో గుర్తుపెట్టేసుకుంది. అన్నీ సర్దాక ఆఖరిమీట నొక్కి యంత్రానికి వదిలేస్తే, అది గంటలకొద్దీ వెలుగుని ఎక్కడిది అక్కడ పరుచుకుంటూ పోతుంది. మొదట తెరంతా రవ్వ చల్లినట్టు గరుకుగా ఉంటుంది. ఆ రవ్వ మెల్లగా కరిగి ఇల్లు తేలుతుంది. జివోయిన్ దానికి "పొయ్యిమీద పెట్టడం" అని పేరు పెట్టాడు. పొయ్యిమీద పెట్టావా, దించావా అని ఇద్దరూ మాట్లాడుకుంటుంటే కింద పెర్సిద ఈ ఇంట్లో వంట ఎక్కడ జరుగుతోందో తెలిసి చావడం లేదని సణిగేది.

పోయిన సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం పౌంక పెరట్లో మిరపపళ్లు కాల్చి తొక్కలు వలుస్తోంది. పైనుంచి జివోయిన్ "పౌంకా, ఒకసారి రా" అన్నాడు. వస్తున్నానంది. చేతులనిండా కాలిన తొక్కలు. పళ్లెంలో ఇంకో ఆరు మిరపపళ్లున్నాయి, అవి చల్లారితే తొక్క రాదు. ఆ ఆరూ వలిచి, చేతులు కడుక్కుని మెట్లెక్కింది. వెళ్లేసరికి ఆయన తల మీటల పలకమీద వాలిపోయి ఉంది. తెరమీద ఒకే అక్షరం వరసలు వరసలుగా పరుగెత్తుతోంది.

ఈ కొండల్లో మనిషి పోయేటప్పుడు చేతిలో కొవ్వొత్తి వెలిగించి పెడతారు. అది లేకుండా పోయినవాడికి అక్కడంతా చీకటే అంటారు. ఖననం రోజున పెర్సిద ఒక్కసారే అంది, నా కొడుకు చీకట్లో పోయాడని. కోడలివంక చూసి అన్లేదు. మళ్లీ ఎప్పుడూ అన్లేదు. ఆ ఒక్కసారీ చాలింది పౌంకకి.

తొమ్మిదో రోజున గ్వోజ్దెన్ దగ్గర్నుంచి కబురొచ్చింది. కొండవతలి ఊరివాడు, వియన్నాలో ముప్పై ఏళ్లుగా రోడ్డుపని చేస్తున్నాడు. పద్నాలుగు గదుల ఇల్లు అతనిది, అంటే బొమ్మలో. "జివోయిన్, మెట్లు ఎడమపక్కకి తిప్పు" అని రాశాడు. పౌంక జవాబు ఏం రాయాలో తెలీక చాలాసేపు కూర్చుంది. రాయడం కంటే మెట్లు తిప్పడమే తేలిగ్గా తోచింది. తిప్పి, మాటా పలుకూ లేకుండా బొమ్మ పంపింది. బాగుంది జివోయిన్ అని వచ్చింది. అంతే, అలా మొదలైంది. మూడోనెలలో అతనే, కింద పేరు కూడా పెట్టడం లేదేం, నామీద కోపమా అని అడిగితే పేరు కూడా పెట్టింది. ఆ తర్వాత ప్రతి బొమ్మ కిందా రెండు ముక్కలు: బొమ్మ పంపాను. జివోయిన్.

గ్వోజ్దెన్‌తో పాటు ఇంకో ఇద్దరున్నారు. ఎవరి ఇల్లూ తెమలదు. గేటుకి రెండు సింహాలు అడిగినవాడు పక్కింటివాడు నాలుగు పెట్టాడని విని నాలుగడుగుతాడు. బాల్కనీ గుండ్రంగా కావాలంటాడు, మళ్లీ పలకగా కావాలంటాడు. తెరమీద వెలుగు పడకూడదని గది కిటికీ తలుపులు ఎప్పుడూ మూసే ఉంటాయి. ఆ చీకటిగదిలో కూర్చుని ఆమె గోడంత కిటికీలు పెడుతుంది, ఆ కిటికీల్లోంచి కొండలు కనబడేట్టు చేస్తుంది. కిందికి దిగితే నల్లబట్టలు. ఏడాదిపాటు సంతకి పోకూడదు, పెళ్లికి పోకూడదు, గేటు దగ్గర నిలబడి ఎవరితోనూ నవ్వకూడదు. శనివారం శనివారం సమాధి దగ్గరికి పోయి వచ్చి మళ్లీ మెట్లెక్కుతుంది. ఎప్పుడైనా చేతులు ఆపి కూర్చుంటే కబురొస్తుంది, జివోయిన్, ఏమయ్యావు?

అసలు సంగతి ఎందుకు చెప్పెయ్యలేదంటే చెప్పడం ఆమెకే కష్టం. ఆయన పోయాడని చెప్తే ఎనిమిదో తరగతి ఆడదానికి ఇంటి బొమ్మ పని ఎవరిస్తారు అన్న భయం ఒకటి. అంతకంటే లోపల ఇంకొకటి ఉంది. ఈ ముగ్గురి దగ్గరా ఆయన ఇంకా బతికున్నాడు. తనే చెప్పి చంపాలి.

సంవత్సరీకం మూడు వారాల్లోకి వచ్చింది. ఆ రోజున రొట్టెలు పంచి, పోయినవాడి పేరు పెట్టి పిలిచి, ఇంక పో నాయనా అని సాగనంపుతారు. ఆడవాళ్లు నల్లబట్టలు విప్పేస్తారు. పెర్సిద అప్పుడే దానికి చిక్కుడు గింజలు పోగుచెయ్యడం మొదలుపెట్టింది. ఒకరోజు అన్నాల దగ్గర కోడలితో ఉన్నమాట అనేసింది.

"ఆ వియన్నా వాళ్లకి చెప్పు. చెప్పకుండా నేను ఎన్ని రొట్టెలు పంచినా వాడు కదలడు. వాడు కదలకపోతే నువ్వూ ఆ కుర్చీలోంచి లేవలేవు."

పౌంక తలూపింది. తలూపి ఊరుకుంది.

ఆ వారంలోనే గ్వోజ్దెన్ రాశాడు, సెలవుల మీద ఊరొచ్చాను, గురువారం వస్తున్నా, కూర్చుని మాట్లాడుకుందామని. జివోయిన్ పేరుతోనే ఊళ్లో ఉండనని రాసింది. ఫరవాలేదు, నువ్వున్నప్పుడే మాట్లాడుకుందాం, ఈసారికి మీ ఇల్లు చూసి పోతానని జవాబు. గురువారం పొద్దున పౌంక వెళ్లి, చావు గుర్తుగా గేటుకి కట్టిన నల్లగుడ్డ పీలిక విప్పి ఎప్రన్ జేబులో పెట్టుకుంది. నల్లచొక్కా మార్చడానికి మాత్రం చేతులు రాలేదు. దానిమీద పువ్వుల ఎప్రన్ కట్టుకుంది. పెర్సిద గుమ్మంలో కూర్చుని ఇదంతా చూసింది.

"నన్నడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్తా. అడక్కపోతే గింజలు ఒలుచుకుంటా," అంది.

పదిగంటలకి వియన్నా నంబరు కారు గేటుముందు ఆగింది. అరవై ఏళ్ల మనిషి దిగాడు. చేతులు పెద్దవి, మోకాళ్లు అరిగిపోయి నడక అటూఇటూ ఊగుతోంది. పౌంక వసారాలో కూర్చోబెట్టి, చెంచాడు పళ్ల మురబ్బా, గ్లాసుడు మంచినీళ్లు, చిన్నగ్లాసులో సారా తెచ్చి పెట్టింది. జివోయిన్ బెల్‌గ్రేడ్ వెళ్లాడని చెప్పడానికి నోరు తెరిచింది. గ్వోజ్దెన్ అప్పటికే గ్లాసు తీసుకున్నాడు. ఎవరితోనూ గ్లాసు తాకించలేదు. పక్కకి వంగి మూడు చుక్కలు నేలమీద పోసి, మిగతాది తాగాడు.

బతికున్నవాళ్ల ఇంట్లో అలా పొయ్యరు.

"ఎప్పుడు?" అన్నాడు.

పౌంక కుర్చీ అంచుమీద కూలబడింది. "పోయిన సెప్టెంబరు."

"కొవ్వొత్తి అందిందా?"

అందలేదని తల అడ్డంగా ఊపింది. "నీకెవరు చెప్పారన్నా?"

"నువ్వే చెప్పావు చెల్లెమ్మా. హాల్లో నిలువుటద్దం పెట్టమని మూడుసార్లు అడిగా. మూడుసార్లూ అద్దం లేకుండానే పంపావు. అద్దమైతే యంత్రానికి బరువన్నావు, సరే అనుకున్నా. స్నానాలగదిలోనూ లేదు. పైగా మిట్టమధ్యాహ్నం బొమ్మ, ఎండ దంచేస్తోంది, పద్నాలుగు గదుల్లోనూ దీపాలు. మా ఆవిడ చూసి, ఏంటయ్యా, కట్టకముందే మనింట్లో శవం లేచిందా అంది."

పౌంకకి ఆ మొదటి రోజులు గుర్తొచ్చాయి. చావింటి ఆచారంగా ఇంట్లో అద్దాలన్నిటికీ నలభై రోజులు దుప్పట్లు కప్పి ఉన్నప్పుడు, బొమ్మలో గోడకి అద్దం తగిలించబోతే వేళ్లు కదల్లేదు. ఉన్నవి కూడా తీసేసింది. నలభయ్యో రోజున పెర్సిద దుప్పట్లు లాగేసింది, ఇంట్లో అద్దాలు మళ్లీ అద్దాలయ్యాయి. బొమ్మలో ఆయన పోనేలేదు కదా, అక్కడ నలభయ్యో రోజు రాలేదు. దీపాలైతే తెలిసే పెట్టింది. చేతిలో పెట్టలేకపోయిన వెలుగు ఎక్కడో ఒకచోట పెట్టాలి.

ఏమైతేనేం, బయటపడిందని ఆమెకి గుండెల్లోంచి ఒక బరువు దిగినట్టయింది. ఏడుపు కూడా వచ్చింది. కళ్లు తుడుచుకుని, తప్పు నాదే అన్నా, మిగతా ఇద్దరికీ నేనే చెప్తాను, నీ ఇంటి బొమ్మ ఇంకెవరికైనా ఇచ్చుకో అంది.

గ్వోజ్దెన్ కంగారుపడ్డాడు. "ఎవరికీ చెప్పకు. నువ్వు చెప్పలేదు, నేను వినలేదు."

ఆమెకి అర్థంకాలేదు. అతను గ్లాసు తిప్పుకుంటూ, నేలవంక చూస్తూ మొత్తం చెప్పుకొచ్చాడు. కొడుకులిద్దరూ అక్కడే పుట్టారట. బొమ్మ చూపిస్తే, ఇది హోటలా నాన్నా అన్నారట. తను ఇక్కడికొచ్చి ఉండలేడు, ఆ మోకాళ్లకి మందులన్నీ అక్కడే. భార్య మాత్రం పదేళ్లుగా ఆ ఇంటికోసం ఇతరుల ఇళ్లు తుడుస్తోంది. ఎప్పుడు మొదలుపెడతావంటే, జివోయిన్ బొమ్మ పూర్తిచెయ్యగానే అంటూ వస్తున్నాడు. అందుకే నెలకో మార్పు. మెట్లు ఎడమకి, మెట్లు కుడికి.

"కొత్తవాడికిస్తే వారంలో చేసి పారేస్తాడు. చేశాడా, పునాది తియ్యాలి. తీస్తే ఎవరికోసం? జివోయిన్ చేస్తున్నాడు అన్నంతకాలం నేను ఇల్లు కడుతున్నట్టే. వాడు పోయాడని తెలిసిందా, ఆ ఇల్లూ పోతుంది. నువ్వు చెయ్యి చెల్లెమ్మా. నిదానంగా చెయ్యి. నువ్వున్నంతకాలం పని నీదే."

గుమ్మంలోంచి గింజలు గిన్నెలో పడుతున్న చప్పుడు ఆగింది.

"నాయనా," అంది పెర్సిద, "బతికున్నప్పుడు ఏ ఫ్యాక్టరీవాడూ మావాణ్ణి పర్మనెంటు చెయ్యలేదు. చచ్చాక నువ్వు చేశావు."

గ్వోజ్దెన్ నవ్వబోయి ఆగాడు. లేచి టోపీ పెట్టుకున్నాడు. మెట్లు దిగుతూ, మా ఆవిడకి అనుమానం తగిలింది, ఒక్క అద్దం పెట్టు, దీపాలార్పు, సాయంత్రం లోపల పంపితే చూపించి నోరు మూయిస్తాను, కింద వాడి పేరు ఎప్పటిలాగే ఉండాలి అని బతిమాలుతున్నట్టే చెప్పాడు. కారు వెళ్లిపోయాక పౌంక గేటు దగ్గర నిలబడి జేబులోంచి నల్లగుడ్డ తీసి మళ్లీ కట్టింది.

ఇన్నాళ్లూ దొరికిపోతానని భయపడింది. దొరికితే విడుదలవుతానని కూడా లోపల్లోపల అనుకుంది. ఇప్పుడు దొరికింది, పట్టుకున్నవాడే బయటినుంచి గడియ పెట్టి వెళ్లాడు.

పైకి వెళ్లి కూర్చుంది. దీపాలతో మొదలుపెట్టింది. ఒక్కో గదిలోకి వెళ్లి, ఒక్కో దీపాన్నీ పట్టుకుని ఆర్పాలి. వంటిల్లు, భోజనాలగది, కొడుకుల గదులు రెండు, వాళ్ల భార్యల కోసం బట్టల గది. కిటికీల్లోంచి ఎండ పడుతూనే ఉంది కాబట్టి గదులేమీ చీకటి కాలేదు. అయినా ఒక్కొక్కటీ ఆర్పుతుంటే చెయ్యి బరువెక్కింది. ఆఖరిది మూడో అంతస్తులో కొండవైపు చిన్నగది. గ్వోజ్దెన్ ఆ గది ఎందుకో ఎప్పుడూ అడగలేదు, ఆమే అందులో ఒక బల్ల, ఒక కుర్చీ వేసి పెట్టింది. దాన్లో దీపం ఆర్పడానికి చాలాసేపు పట్టింది. ఆర్పింది.

తర్వాత హాల్లోకి వచ్చింది. వాల్‌నట్ చెక్క చట్రం ఉన్న నిలువుటద్దం ఏరి, ద్వారానికి ఎదురుగా గోడకి తగిలించింది. ఎలా పడుతుందో చూద్దామని చిన్నముక్క ఒకటి పొయ్యిమీద పెట్టింది. రవ్వ కరిగింది. అద్దంలో మెట్లు కనబడ్డాయి, తెరిచిన తలుపు, నేలమీద ఎండచార కనబడ్డాయి. చూస్తున్న మనిషి ఉండాల్సిన చోట ఎవరూ లేరు. ఇది ఆమెకి కొత్త కాదు. చూసేవాళ్లు యంత్రం ఇంట్లో ఉండరు, అందుకని అద్దంలో పడరని జివోయిన్ ఎన్నడో చెప్పాడు. అప్పుడు భలే ఉందని నవ్వింది. ఇవాళ దగ్గరికి జరిగి చూసింది. ద్వారం ఉంది, ద్వారంలో నిలబడ్డవాళ్లు లేరు. పదకొండు నెలలుగా తను నిలబడ్డది అక్కడే.

అంతా సర్దడం అయింది. మీట నొక్కితే మూడు గంటల్లో బొమ్మ దిగుతుంది, కింద రెండు ముక్కలు రాసి పంపితే ఇవాళ్టి పని తీరుతుంది. వేలు మీటమీద పెట్టింది. కింద పెర్సిద గింజలగిన్నె మార్చుకుంటూ దగ్గింది. పౌంక వేలు తీసేసింది. లేచి, గది కిటికీ తలుపులు రెండూ బార్లా తెరిచింది. తెరమీద వెలుగు పడి గ్వోజ్దెన్ ఇల్లు కనబడకుండా పోయింది. బొమ్మని అలాగే వదిలి, ఫోను తీసుకుని కిందికి దిగింది.

ఆమె వంటింట్లోకి వచ్చేసరికి ఫోను టింగుమంది.

"ఎవరే?" అంది గుమ్మంలో కూర్చున్న పెర్సిద.

"గ్వోజ్దెన్. అయిందా జివోయిన్ అని అడుగుతున్నాడు."

"ఏం రాశావు?"

"ఆయన్నడిగాడు. నన్నడగలేదుగా అత్తా."

పెర్సిద ఆమె ముఖంలోకి చూసింది. కాళ్లు కాస్త పక్కకి జరిపి చోటిచ్చింది. పౌంక ఫోను బోర్లించి కిటికీలో పెట్టి, పీట లాక్కుని కూర్చుని, ముసలామె ఒళ్లోని కాయల్లో సగం తన ఎప్రన్‌లోకి తీసుకుంది. ఫోను మళ్లీ టింగుమంది. కాసేపటికి ఇంకోసారి. ఇద్దరూ గింజలు ఒలుస్తూ కూర్చున్నారు.